చెత్తబండికి పద్దు ఉంది, నాటకానికి లేదు

పోయిన ఉగాదికి మేం చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఏటా ఓ చిన్న కార్యక్రమం చేసుకుంటాం. పంచాంగ శ్రవణం, పిల్లల చేత పద్యాలు, అరగంట నాటిక, చివర్న పులిహోర, బూరెలు. రాత్రి పదింటికి అందరూ వెళ్ళిపోయాక మేం నలుగురం మిగిలాం. ఎంగిలి విస్తళ్ళు, ఉగాది పచ్చడి పోసిన ప్లాస్టిక్ కప్పులు, వాడిన బంతిపూలు, చిరిగిన ఫ్లెక్సీ, మిగిలిపోయిన పులిహోర, అన్నీ ఆరు గోనె సంచుల్లో కుక్కి, మూతులు కట్టి, గేటు పక్కన నిలబెట్టి, హమ్మయ్య అనుకుని ఇళ్ళకు పోయాం.

మర్నాడు పొద్దున్న తాళాలు అప్పజెప్పడానికి వెళ్తే చెత్త ఎత్తే బ్యాటరీ బండి అక్కడే ఆగి ఉంది. బండితో వచ్చిన స్వచ్ఛ సాథీ, అంటే వీధిలో చెత్త పని పర్యవేక్షించే ఆవిడ, ఒక సంచి మూతి విప్పి లోపలికి చూసి, తర్వాత నావైపు చూసింది. "ఏటి బావూ ఇది? అన్నం, పూలు, పలాస్టిక్కు అన్నీ కలిపీసినారు. నానేటి ఏరేది?" అంది. ఆవిడది మావైపు తెలుగే. జవాబు చెప్పలేక నేనే ఓ పుల్ల పట్టుకుని కూర్చున్నాను. రెండు సంచులు విడదీసేసరికి ముప్పావు గంట పట్టింది. పులిహోరలో కూరుకుపోయిన కప్పుని పైకి తీస్తే దానికి అంటుకుని బంతిపూల దండ, దాని వెనకాలే ఫ్లెక్సీ తాడు. నాకు ఆ పూట టిఫిను సయించలేదు.

తమాషా ఏమిటంటే, అప్పుడు నా చొక్కా జేబులో ఓ అర్జీ ఉంది. తెలుగు నాటకాలు ఆడుకోవడానికి ఊళ్ళో అందుబాటు అద్దెలో ఒక మంచి హాలు కావాలని రాసుకున్న కాగితం. చెత్త కోసం రోజూ గుమ్మం దాకా వచ్చే మునిసిపాలిటీ నాటకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కనబడదు? ఇది మా ఊరి ఒక్కదాని సంగతి కాదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఎక్కడైనా ఇదే మాట వింటాం. "వాళ్ళకి మనమంటే లెక్క లేదు" అని తీర్మానం చేసేసుకోవడం తేలిక. కానీ అసలు సంగతి డబ్బు ఏ దారిన వస్తుంది, పనిని ఎవరు కొలుస్తారు అన్నదాంట్లో ఉంది.

ఒకే జాబితాలో 6, 13

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో రాజ్యాంగంలో 12వ షెడ్యూలు చేరింది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనులు అందులో ఉన్నాయి. ఆరో అంశం ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ. పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. పదమూడోది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను పెంపొందించడం. అంటే కాగితం మీద చీపురుకీ హార్మోనియానికీ ఒకే ఇల్లు.

ఇక్కడో మెలిక ఉంది. ఈ పనులన్నీ మునిసిపాలిటీ చేసి తీరాలని రాజ్యాంగం అనలేదు. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించవచ్చు అంది. రాష్ట్రాల చట్టాలు చూస్తే పనులు మామూలుగా రెండు రకాలు: తప్పనిసరిగా చెయ్యాల్సినవి, వీలును బట్టి చేసేవి. కాలవలు, చెత్త, వీధిదీపాలు మొదటి వరసలో కూర్చుంటాయి. హాళ్ళు, గ్రంథాలయాలు, కళాప్రదర్శనలు ఎక్కువగా రెండో వరసలో. ఇంట్లో కూడా అంతే కదా, బియ్యం తప్పనిసరి, వీణ పాఠం వీలును బట్టి.

ఈ వరస ఇవాళ పెట్టింది కాదు. బరంపురం మునిసిపాలిటీ 1867 నాటిది. అప్పుడు మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1865లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన పట్టణాభివృద్ధి చట్టం కింద మన కోస్తా ఊళ్ళలో మునిసిపాలిటీలు ఒకటొకటిగా పుట్టాయి. అభివృద్ధి అనే మాటకి ఆ రోజుల్లో అర్థం రోడ్డు, మురుగు కాలవ, దీపం. కలరా భయం అలాంటిది. టౌన్ హాళ్ళు, రీడింగు రూములు చాలాచోట్ల జమీందార్లు, వర్తకులు, వకీళ్ళు చందాలు వేసుకుని కట్టించినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై గంజాం అటు చేరింది. 2008లో బరంపురం కార్పొరేషన్ అయింది. రాష్ట్రం మారింది, చట్టం మారింది, హోదా మారింది. మురుగు కాలవ సర్కారుది, రంగస్థలం దాతలది అనే అలవాటు మాత్రం మారలేదు. మా ఊరివాడైన వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతి దాకా వెళ్ళాడని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. ఆ సభ పెట్టుకోవడానికి హాలు కోసం మాత్రం నెల ముందు నుంచి తిరుగుతాం.

డబ్బు ఏ దారిన వస్తుంది

కార్పొరేషన్ సొంత రాబడిలో ముఖ్యమైనది ఒడిశాలో హోల్డింగ్ ట్యాక్స్ అని పిలిచే ఇంటిపన్ను. దానికి తోడు ట్రేడ్ లైసెన్సులు, మార్కెట్ గదుల అద్దెలు, హోర్డింగుల ఫీజులు. ఇది చాలదు. రాష్ట్రం, కేంద్రం ఇచ్చే నిధుల మీదే బండి నడుస్తుంది.

ఆ నిధులు వచ్చేటప్పుడే నుదుటి మీద పేరు రాసుకుని వస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పట్టణాలకు గ్రాంట్లు సిఫారసు చేసింది. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు వచ్చే డబ్బులో 30 శాతం పారిశుధ్యానికీ చెత్త నిర్వహణకూ, ఇంకో 30 శాతం మంచినీళ్ళకూ వాననీటి నిల్వకూ, నీటిని తిరిగి వాడుకోవడానికీ కట్టేశారు. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు. అది కూడా జీతాలకు వాడకూడదన్నారు. ఆ నలభైలో రోడ్డు గుంటలు, కల్వర్టులు, శ్మశానం ప్రహరీ, వీధిదీపాలు అన్నీ పోటీ పడతాయి. నాటకం హాలు కూడా ఆ క్యూలోనే నిలబడాలి. కార్పొరేటరు దృష్టితో చూడండి. వార్డులో వంద ఇళ్ళ ముందు కాలవ పొంగుతుంటే, నాకు రంగస్థలం కావాలని వచ్చిన పెద్దమనిషికి ఆయన మంచినీళ్ళు ఇచ్చి పంపిస్తాడు. నేనైనా అంతే చేస్తాను.

ఇంకో విషయం కొలత. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు మొదలయ్యాయి, ఇప్పుడు దేశంలో పట్టణాలన్నీ ఆ జాబితాలోనే. ఇంటింటి సేకరణకు మార్కులు, వేరుచేసినందుకు మార్కులు, జనం అభిప్రాయానికి మార్కులు. ఫలితాలు రాగానే పక్క ఊరు పైకెళ్ళిందా, మనం కిందకి జారామా అని టెన్షన్. కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి. ఆయన పనితనం మీద ఈ ర్యాంకు నీడ పడుతుంది. ఈ ఊళ్ళో ఏడాదిలో ఎన్ని నాటకాలు ఆడారు, ఎంతమంది పిల్లలు గ్రంథాలయానికి వచ్చారు అని ఎవరూ ర్యాంకు ఇవ్వరు. మార్కులు లేని సబ్జెక్టు పిల్లాడు చదవడు.

మేయరు సంగతి వేరు. ఒడిశాలో 2022 మార్చి నుంచి మేయర్లను, మునిసిపల్ చైర్‌పర్సన్లను జనం నేరుగా ఎన్నుకుంటున్నారు. బరంపురంలో 42 వార్డులు. మొత్తం ఊరి ఓటుతో గెలిచిన మనిషికి, ఒక వార్డు కాలవకు మించిన పని చేసి చూపించాలనే కోరిక ఉంటుంది. హాలు లాంటి అర్జీ కార్పొరేటరు కంటే మేయరు దగ్గర ఎక్కువ పలుకుతుందని నా అంచనా.

ఒక అరటితొక్క ప్రయాణం

స్వచ్ఛ సాథీ అంత కోపం ఎందుకు పడిందో అర్థం కావాలంటే చెత్త ఎటు వెళ్తుందో తెలియాలి.

చిన్న, మధ్య తరహా భారతీయ పట్టణాల్లో మనిషికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల చెత్త అని లెక్క వేస్తారు. 2011 జనాభా లెక్కల్లో బరంపురం జనం మూడున్నర లక్షల పైమాట. వేళ్ళ మీద గుణించుకున్నా రోజుకు వంద టన్నులు దాటుతుంది. అందులో దాదాపు సగం తడి: కూరగాయల తొక్కలు, అన్నం, పూలు, ఆకులు. వెనకటి పద్ధతి ఏమిటంటే, అంతా ఒక లారీలో వేసి ఊరి బయట దిబ్బ మీద పోసి రావడం. ఆ దిబ్బ లోపల గాలి ఆడక తడి చెత్త కుళ్ళి మీథేన్ పుడుతుంది, నల్లటి రసం నేలలోకి దిగుతుంది, వేసవిలో నిప్పంటుకుంటే రోజుల తరబడి పొగ. అందుకే ఇప్పుడు పాత దిబ్బల్ని తవ్వి, జల్లెడ పట్టి, నేల ఖాళీ చేసే పనిని స్వచ్ఛ భారత్ రెండో దశలో పెట్టారు.

ఒడిశా ఎంచుకున్న దారి కొంచెం తేడా. ఒకే పెద్ద ప్లాంటు కాకుండా ఊళ్ళోనే అక్కడక్కడ చిన్న చిన్న కేంద్రాలు పెట్టింది. తడి చెత్త ఎరువు చేసే చోటు ఒకటి, పొడి చెత్త ఏరే చోటు ఒకటి. వీటిని నడిపేది, ఇళ్ళ దగ్గర చెత్త వేరు చేయించేది ఎక్కువగా మహిళా స్వయం సహాయక బృందాల వాళ్ళు. వీధిలో పర్యవేక్షించే ఆవిడ స్వచ్ఛ సాథీ, బండి తోలి చెత్త ఎత్తే మనిషి స్వచ్ఛ కర్మి.

ఎరువు కేంద్రంలో తొట్లు వరసగా ఉంటాయి. వచ్చిన తడి చెత్తని ముందు చేత్తో మరోసారి ఏరి, ముక్కలు చేసి, తొట్టిలో పొరలు పొరలుగా వేస్తారు. మధ్యలో చెత్తని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్ని చల్లుతారు. మరీ తడిగా ఉంటే కంపు, మరీ పొడిగా ఉంటే కుళ్ళదు. తిరగేస్తూ, తేమ చూసుకుంటూ కొన్ని వారాలు ఉంచితే నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. జల్లెడ పట్టి సంచుల్లో నింపి 'మో ఖతా' అనే పేరుతో అమ్ముతారు. మో అంటే నా, ఖతా అంటే ఎరువు. మా డాబా మీద వంకాయ మొక్కలకు అదే వేస్తాం.

ఇప్పుడు ఆ తొట్టిలోకి మా ఉగాది కప్పులు వెళ్ళాయనుకోండి. ప్లాస్టిక్ కుళ్ళదు, జల్లెడలో చిక్కుకుంటుంది, చిన్న ముక్కలు ఎరువులోనే ఉండిపోతాయి. పగిలిన గాజుముక్క అయితే ఏరే చేతిని కోస్తుంది. అటు పొడి చెత్త వైపు చూస్తే, అట్టపెట్టె, పాల ప్యాకెట్, నీళ్ళ సీసా శుభ్రంగా ఉంటే కొనేవాడు ఉంటాడు. పులిహోర నూనె అంటిన అట్టకి ధర రాదు. అంటే తడి పొడి కలిపితే ఒకటి కాదు, రెండూ పాడవుతాయి. నేను కలిపింది అర నిమిషంలో, విడదీసింది ముప్పావు గంటలో. ఆ ముప్పావు గంట కూలి ఏ పద్దులోనూ ఉండదు, ఆవిడ నడుములో ఉంటుంది.

కాలవల మాట కూడా క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. తీసిన పూడికని వెంటనే ఎత్తకుండా గట్టు మీదే వదిలేస్తే జనం తిట్టుకుంటారు. నీళ్ళోడే బురదని ట్రాక్టరులో వేస్తే దారంతా కారుతుంది కాబట్టి కాస్త ఆరనివ్వాలి. కానీ మధ్యలో వాన పడితే ఆ బురద తిరిగి కాలవలోకే. అందుకని పూడిక తీసే పని వానలకు ముందే ముగియాలి, అదే ఏటా ఆలస్యమయ్యే పని.

హాలు ఎందుకు పెళ్ళి మండపం అవుతుంది

ఎక్కడో నిధులు దొరికి మునిసిపాలిటీ ఒక హాలు కట్టిందనుకుందాం. కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, రంగులు, బాత్రూముల రిపేరు, ఇవన్నీ ఆ హాలే సంపాదించుకోవాలి. ఎవరు ఎక్కువ అద్దె ఇస్తారు? పెళ్ళివారు. కాబట్టి ప్లాను గీసేటప్పుడే అది కల్యాణ మండపం అయిపోతుంది. వెనక పెద్ద వంటసాల, బోరు, ముందు కార్లు పెట్టుకునే జాగా, లోపల నున్నటి టైల్సు, ఎత్తు తక్కువ కప్పు, వరసగా ఫ్యాన్లు.

నాటకానికి కావలసినవి వేరు. స్టేజీకి లోతు కావాలి, పక్కన నటులు నిలబడే చోటు కావాలి, పై నుంచి దీపాలు వేలాడదీసే పైపులు కావాలి, ఆడవాళ్ళు మేకప్ వేసుకోవడానికి తలుపు గడియ పడే గది, దానికి ఆనుకుని బాత్రూము కావాలి. గోడలు శబ్దాన్ని మింగాలి. టైల్సు పరిచిన కల్యాణ మండపంలో పద్యం ఎత్తుకుంటే రెండో పాదం పాడుతుండగా మొదటి పాదం వెనక గోడకి తగిలి తిరిగి వస్తుంది. ఫ్యాన్లు వేస్తే మైకులో హోరు, ఆపితే ప్రేక్షకులు లేచి బయటికి. ఓసారి మా నాటికలో తండ్రి పాత్రధారి చనిపోయే సీనులో వెనక వంటసాలలో గిన్నెలు దొర్లాయి. మర్నాటి పెళ్ళివారి సామాను దిగుతోంది. జనం నవ్వారు, పాపం చనిపోయినాయన కూడా నవ్వాడు.

బరంపురంలో రంగస్థలం లేదని కాదు. గంజాం కళా పరిషత్ లాంటి సంస్థలు ఒడియా నాటకానికి చాలాకాలంగా ఊపిరి పోస్తున్నాయి, తెలుగువాళ్ళూ వెళ్ళి చూస్తారు. అడిగేది అలాంటి వేదిక చిన్న బృందాలకు నాలుగు రోజుల రిహార్సల్‌తో సహా అందుబాటు అద్దెలో దొరకడం గురించి. రిహార్సల్ రోజుకు కూడా పెళ్ళి రేటు కట్టమంటే ఏ నాటకమూ నిలబడదు.

ఒక మినహాయింపు చెప్పాలి. ఒడిశాలో జాగా మిషన్ కింద బస్తీల్లో పరిచయ్ పేరుతో చిన్న సామాజిక కేంద్రాలు వచ్చాయి. అక్కడ మీటింగు పెట్టుకోవచ్చు, పిల్లలకు ఆటపాటలు నేర్పుకోవచ్చు. ఆ డబ్బు సంస్కృతి పద్దులోంచి రాలేదు, బస్తీల అభివృద్ధి పద్దులోంచి వచ్చింది. ఇందులో నాకు నచ్చింది ఆ దొంగదారే. కళకి పద్దు లేనప్పుడు వేరే పద్దు చంక ఎక్కి వస్తుంది.

తెలుగు నేలకి అటు కొసన సరిహద్దు దాటితే, మహారాష్ట్రలోని షోలాపూరులో పరిస్థితి వేరు. అక్కడ మన పద్మశాలీలు తరాలుగా ఉన్నారు. ఆ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. 1931లో ఉరికంబమెక్కిన నలుగురు షోలాపూరు వీరుల జ్ఞాపకంగా హుతాత్మా స్మృతి మందిర్ అనే నాటకశాల కార్పొరేషన్‌దే ఉంది. మరాఠీ పట్టణాల్లో నాట్యగృహం లేకపోతే మునిసిపాలిటీకి నామోషీ. టికెట్టు కొని నాటకం చూసే జనం అక్కడ ఉన్నారు, అందుకు హాలు నిలబడింది. మనం పాసులు అడుగుతాం.

ఊరే రంగస్థలం అయిన నెల

నాలుగు గోడల హాలు లేకపోయినా బరంపురం సంస్కృతి ఆగలేదు, ఎందుకంటే దాని అసలు వేదిక వీధి. రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ యాత్ర చూసినవాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేదు. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా దేశీ బెహరా వీధికి వస్తుంది. దేశీ బెహరా అంటే డేరా అనే నేతకారుల కులపెద్ద. వాళ్ళ పూర్వీకుల్ని ఈ ప్రాంతాన్నేలిన మహురి రాజు రాజమహేంద్రవరం వైపు నుంచి పట్టు నేయడానికి రప్పించాడని చెప్పుకుంటారు. అంటే ఊరి అతి పెద్ద పండగకి పుట్టిల్లు ఒక తెలుగు నేతవాడ. మూడు, నాలుగు వారాల పాటు రాత్రిళ్ళు ఘటాలు ఊరేగుతాయి. మొక్కు ఉన్నవాళ్ళు వేషాలు కడతారు. ఒళ్ళంతా పసుపు, నలుపు చారలు పూసుకుని డప్పుకి పులివేషగాడు తిరుగుతుంటే చిన్నపిల్లలు అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. నేను దాక్కున్నాను, మా అబ్బాయీ దాక్కున్నాడు.

ఆ నెల కార్పొరేషన్‌కి శుభ్రత, సంస్కృతి రెండు వేరు వేరు శాఖలుగా ఉండవు. ఘటం వచ్చే దారిలో కాలవ మీద పలక ఊడి ఉంటే అది భక్తుడి కాలు విరిగే సంగతి. నీళ్ళ ట్యాంకరు, తాత్కాలిక మరుగుదొడ్లు, అదనపు దీపాలు, అర్ధరాత్రి ఊరేగింపు అయ్యాక తెల్లారేలోగా ఊడవడం, అన్నీ ఒకే మనుషుల మీద పడతాయి. రాత్రి పులివేషం చూసి మనం పడుకున్నాక చీపురు చప్పుడు మొదలవుతుంది.

యాత్రకి ఇంత కదిలే వ్యవస్థ మామూలు రోజుల్లో చిన్న కార్యక్రమానికి ఏం చెప్తుందో చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు, సంచుల ఉదంతం తర్వాత వెతికి చదివాను. ఘన వ్యర్థాల నియమాల్లో ఉంది: లైసెన్సు లేని చోట వందమందికి మించి జనాన్ని పోగు చేస్తే, కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. అక్కడి చెత్తని అక్కడే వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకుడిది. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థలకు ఇంకా గట్టి షరతులు ఉన్నాయి. పెళ్ళి భోజనానికి ఐదువందల మంది వస్తే ఆకు, మిగులు అన్నం కలిపి వంద కిలోలు దాటడం ఎంతసేపు? ఇక 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, స్పూన్లు, థర్మకోల్ అలంకరణ, వంద మైక్రాన్ల లోపు ఫ్లెక్సీ బ్యానర్లు దేశమంతా నిషిద్ధం. మా ఉగాది పచ్చడి చట్టవిరుద్ధంగా పంచామన్నమాట, ఆరు రుచులకి తోడు ఏడోది.

ఏ భాషలో చెప్తారు

చెత్తబండి మైకులో పాట ఒడియాలో వస్తుంది. తడి, పొడి అన్నది పాట వల్ల కాకపోయినా బుట్ట రంగు వల్ల తెలుస్తుంది. కానీ జరిమానా ఎంత, ఫిర్యాదు ఎక్కడ, హాలు బుకింగ్ షరతులు ఏమిటి అన్నవి ఒడియా చదవలేని ముసలివాళ్ళకి, కొత్తగా శ్రీకాకుళం నుంచి వచ్చిన కోడళ్ళకి చేరవు. దీనికీ ఒక పాత కాగితం ఉంది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత 1956లో కేంద్రం భాషా అల్పసంఖ్యాకుల రక్షణలపై ఒక మెమొరాండం తెచ్చింది. ఒక జిల్లాలో గానీ, మునిసిపాలిటీ లాంటి చిన్న ప్రాంతంలో గానీ ఒక భాషవాళ్ళు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు, నియమాలు ఆ భాషలో కూడా ప్రచురిస్తే మంచిదని అందులో ఉంది. ఆజ్ఞ కాదు, సూచన. అడిగేవాళ్ళు అడిగితే పనికొస్తుంది.

సంస్కృతి నిధుల వైపు చూస్తే, రాష్ట్రంలో ఆ పని చూసే శాఖ పేరే ఒడియా భాషా, సాహిత్య, సంస్కృతి శాఖ. పేరులో తప్పు పట్టను, వాళ్ళ రాష్ట్రం, వాళ్ళ భాష. మన తెలుగు సంఘాలు ఆ తలుపు తట్టడానికి మొహమాటపడి, ఆంధ్రా వైపు తిరిగి, అక్కడా "మీరు వేరే రాష్ట్రం కదా" అనిపించుకుని, చివరికి మళ్ళీ చందా పుస్తకం తీస్తాయి. ఈ మధ్యలో ఉన్న ఒకే ఒక ప్రభుత్వం మునిసిపాలిటీ. దానికి మనం పన్ను కడతాం, ఓటు వేస్తాం, అందులో కార్పొరేటర్లుగా మనవాళ్ళూ గెలుస్తారు. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలో చెప్తోంది. అక్కడ కూర్చుని "మా వార్డు స్కూలు గదిని ఆదివారం సాయంత్రాలు రిహార్సల్‌కి ఇప్పించండి" అని అడగడం, కోట్ల రూపాయల ఆడిటోరియం అడగడం కంటే జరిగే పని. కొత్త భవనం కట్టక్కర్లేదు, కరెంటు మీటరు ఖర్చు మాత్రం చూసుకోవాలి.

నా అర్జీని అలాగే తిరగరాశాను. ఆడిటోరియం మాట కొట్టేసి మూడు వాక్యాలు పెట్టాను: రిహార్సల్‌కి వేరే రేటు, గడియ పడే మేకప్ గది, బుకింగ్ షరతులు తెలుగులో కూడా.

వచ్చే ఉగాదికి హాలు అడిగితే మాకు కావలసిన ఆదివారం పెళ్ళి ఉందన్నారు. దాంతో ఒక బడి ఆవరణలో పెట్టుకుందామని నిర్ణయించాం. అంటే ఇప్పుడు మేం లైసెన్సు లేని చోట వందమందిని దాటి పోగు చేసే నిర్వాహకులం, మూడు పనిదినాల ముందు కాగితం ఇవ్వాలి. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. ఒడియా మీడియంలో చదివిన మా అబ్బాయి రాస్తున్నాడు. ఎంతమంది వస్తారన్నచోట నూట యాభై అని రాశాడు. ఎలాంటి చెత్త వస్తుందో కూడా రాయమన్నాను. విస్తరాకులు, పూలు, మామిడి టెంకలు అని రాసి, కప్పుల దగ్గర ఆగి తలెత్తి చూశాడు. స్టీలు గ్లాసులు అద్దెకి తెస్తున్నామని చెప్పాను. "కడిగేదెవరు నాన్నా?" అన్నాడు.

పోయినసారి సంచులు మూతి కట్టిన ఆ నలుగురి పేర్లూ రాయమన్నాను.